విజిల్ మోగేసరికే ఆలస్యం

సొరంగ మార్గం ప్రారంభమైన రోజు లోపల ఎన్ని కెమెరాలు పెట్టారో, ఎన్ని ఫ్యాన్లు బిగించారో లెక్క చెబుతారు. ముఖద్వారం దగ్గర తళతళలాడే ఫైరింజన్ ఒకటి నిలబెడతారు. ఫొటోల్లో బాగుంటుంది. ఆ బండిలో కూర్చున్నవాళ్లు పొగ కమ్మిన సొరంగంలోకి ఎప్పుడైనా నడిచి వెళ్లారా అన్నది మాత్రం ఎవరూ అడగరు. మేము అడుగుతున్నది అదే.

ఇల్లు తగలబడితే కిటికీ పగలగొట్టి పొగను బయటికి పంపొచ్చు. మెట్లు దిగితే ఆరుబయటికి వచ్చేస్తాం. సొరంగంలో ఆ వీలు లేదు. పొగ కప్పు వెంట కొంతదూరం పాకి, చల్లబడి, రోడ్డు మీదికి దిగుతుంది. వేడికి గోడల కాంక్రీటు పెళ్లలు పెళ్లలుగా ఊడిపడుతుంది. 1999 మార్చి 24న ఫ్రాన్స్, ఇటలీల మధ్య ఉన్న 11.6 కిలోమీటర్ల మాం బ్లాం సొరంగంలో అంటుకున్నది పెట్రోలు ట్యాంకరేమీ కాదు. గోధుమ పిండి, మార్గరిన్ తీసుకెళుతున్న లారీ. 39 మంది చనిపోయారు. మంట ఆరడానికి రెండు రోజులు దాటింది. ఇటలీ వైపు నుంచి లోపలికి తోసిన గాలి మంటను ఎగదోసి, పొగను ఫ్రాన్స్ వైపు నెట్టింది. అటు నుంచి వెళ్లిన ఫైర్ సిబ్బంది మంట దగ్గరికి చేరలేకపోయారు. పొగలో చిక్కుకుని, గోడలోని ఆశ్రయ గదుల్లో గంటల తరబడి గడిపారు. మరో దళం గాలి వాహిక గుండా వెళ్లి వాళ్లను బయటికి తెచ్చింది. అలా చిక్కుకున్నవారిలో ఒక అధికారి ప్రాణాలు దక్కలేదు. కాపాడటానికి వెళ్లినవాళ్లనే కాపాడాల్సి వచ్చింది.

వాళ్లకు ధైర్యం లేక కాదు. లెక్క కుదరక.

ఆ లెక్క చూడండి. ఫైర్ సిబ్బంది ఊపిరి కోసం వీపున మోసే ఆరు లీటర్ల సిలిండర్‌ను 300 బార్ పీడనంతో నింపితే సుమారు 1,800 లీటర్ల గాలి. బరువైన దుస్తులతో, హోస్ పైపు లాగుతూ నడిచే మనిషి నిమిషానికి 50 లీటర్లు పీల్చాడనుకుంటే 36 నిమిషాలు. కళ్లకు ఏమీ కనిపించని పొగలో నిమిషానికి 20 మీటర్లు నడిచాడనుకుందాం. 300 మీటర్లు వెళ్లడానికి పావుగంట, తిరిగి రావడానికి ఇంకో పావుగంట. పని చేయడానికి మిగిలింది ఆరు నిమిషాలు. ఇక గాలి 55 బార్‌కు పడిపోగానే పరికరానికున్న విజిల్ మోగుతుంది. భవనంలో ఆ విజిల్ వింటే మెట్లవైపు తిరిగితే సరిపోతుంది. సొరంగంలో మాత్రం, పైన వేసిన లెక్క ప్రకారమే, ఆ గాలితో 130 మీటర్లు నడవొచ్చు. బయటికి దారి 300 మీటర్ల అవతల ఉంటే విజిల్ మోగినా ఒకటే, మోగకున్నా ఒకటే. ఎప్పుడు వెనక్కి తిరగాలో లోపలికి అడుగుపెట్టక ముందే తేల్చుకోవాలి. ఏళ్ల తరబడి ఇళ్ల మంటలు ఆర్పి చెయ్యి తిరిగిన మనిషికి ఇది కొత్త అలవాటు. క్లాసులో బోర్డు మీద రాసి చూపిస్తే వచ్చేది కాదు. చీకట్లో గోడ తడుముకుంటూ, మాస్కులో తన ఊపిరి చప్పుడు తనకే వినిపిస్తుంటే, మీటర్ ముల్లు చూసుకుని నాయకుడు ‘ఇక చాలు, వెనక్కి’ అనడం నేర్చుకోవాలి. ముందుకెళ్లమనడం కంటే అది కష్టం.

ఇంకో చిక్కు ఉంది. ముందు మనుషులను వెతకాలా, మంట ఆర్పాలా? మనసు మొదటిదే అంటుంది. కానీ చంపేది ఎక్కువగా పొగ, ఆ పొగ పుట్టేది మంటలో. 2001లో గోట్‌హార్డ్ సొరంగంలో 11 మందిని కోల్పోయిన స్విట్జర్లాండ్‌లో ఇప్పుడు బాల్స్‌తాల్‌లో ఫైర్ సిబ్బంది శిక్షణ కోసమే సొరంగం ఉంది. ఒక జట్టు వీలైనంత త్వరగా మంట మీదికి, ఇంకో జట్టు మనుషుల కోసం వెళ్లాలన్నది అక్కడి పద్ధతి. ఏ వైపు నుంచి వెళ్లాలి అంటే, గాలి వీపుకు తగిలే వైపు నుంచి. అంటే ఫ్యాన్ల స్విచ్ దగ్గర కూర్చున్న ఆపరేటర్ కూడా ఈ దళంలో మనిషే. అతను చెప్పకుండా గాలి దిశ మార్చాడంటే లోపలున్న జట్టు మీదికే పొగ తిరిగి వస్తుంది. ఈ ఇద్దరికీ విడివిడిగా శిక్షణ ఇవ్వడంలో అర్థమేమిటో మాకు తెలియదు.

మంచి పరికరాలుంటే చాలదా అంటారు కొందరు. 2007లో మెల్‌బోర్న్‌లోని బర్న్‌లీ సొరంగంలో లారీలు, కార్లు ఢీకొని ముగ్గురు చనిపోయారు, మంట లేచింది. పైనుంచి నీళ్లు కుమ్మరించే వ్యవస్థ దాన్ని అదుపులో పెట్టింది, నిజమే. కానీ కంట్రోల్ రూమ్‌లోని మనిషి నిమిషాల్లోనే దాన్ని ఆన్ చేశాడు కాబట్టి పెట్టింది.

మాక్ డ్రిల్స్ జరగడం లేదా? జరుగుతాయి. ఆదివారం పొద్దున, ముందే కబురు పెట్టి, నాటకాల స్టేజీ మీద వదిలే చల్లటి పొగతో. ఆ పొగ కళ్లను మూస్తుందే తప్ప చెమట పట్టించదు. నార్వేలో 2003లో రూనెహమార్ సొరంగంలో జరిపిన పరీక్షల్లో సరుకు పేర్చే చెక్క, ప్లాస్టిక్ ప్యాలెట్ల లోడు ఒక్కటే, వెలువడే వేడి లెక్కలో, 200 మెగావాట్ల స్థాయి మంటగా లేచింది. అంతకుముందు లారీ మంట 20, 30 మెగావాట్లని లెక్క వేసేవారు. చల్లటి పొగతో నేర్చుకున్నవాడు ఆ వేడి ముందు మొదటిసారి నిలబడేది అసలు ప్రమాదం రోజునే. విద్యుత్ వాహనాల గురించి భయాలు చాలా వినిపిస్తున్నాయి. ఆ శిక్షణా కావాలి. కానీ మామూలు లారీ మంటకే సిద్ధంగా లేనివాళ్లకు అది తర్వాతి పాఠం.

ఐరోపా సమాఖ్య 2004లో తెచ్చిన ఆదేశం ప్రకారం, దాని పరిధిలోని ప్రతి సొరంగంలో కనీసం నాలుగేళ్లకోసారి పూర్తిస్థాయి డ్రిల్, మధ్యలో ఏటా చిన్నపాటివి జరపాలి. అసలేమీ లేనిచోట్ల అది కూడా గొప్పే. అయినా నాలుగేళ్లు ఎక్కువ. ఈలోగా బదిలీలవుతాయి, రిటైరయ్యేవాళ్లు రిటైరవుతారు, డ్రిల్ చేసిన జట్టులో సగం మంది మిగలరు. ఏడాదికోసారి, రాత్రి పూట, ట్రాఫిక్ ఆపి, దగ్గర్లోని ఫైర్ స్టేషన్లు, కంట్రోల్ రూమ్ కలిసి పూర్తిస్థాయి డ్రిల్ చేయాలన్నది మా మాట. వేడి పొగ అనుభవం కోసం జట్లను వంతులవారీగా శిక్షణ సొరంగాలకు పంపాలి. కొత్త సొరంగమైతే ఇవి రెండూ పూర్తయ్యాకే వాహనాలను వదలాలి. రిబ్బన్ కత్తిరించడం నెల రోజులు వెనక్కి జరుగుతుంది. జరగనివ్వండి.