చెట్టును కొట్టే రీలు, చెట్టును కాచే ఫోను

మా కాలనీ గేటు పక్కన ఒక వేపచెట్టు ఉంది. 2022 వేసవిలో దాని కొమ్మలు కరెంటు తీగలకు తగులుతున్నాయని అసోసియేషన్ వాళ్లు ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి ఒక టీమ్‌ను పిలిపించారు. క్రేన్ వచ్చింది, హెల్మెట్లు వచ్చాయి, వీడియో తీయడానికి డ్రోన్ కూడా వచ్చింది. రెండు గంటల్లో చెట్టు తలకాయంతా కోసేసి, కోసిన చోట తారు పూసి, కట్టెలు ట్రాలీలో వేసుకుని వెళ్లిపోయారు. సాయంత్రానికి రీల్ వచ్చింది. ముందు గుబురుగా ఉన్న చెట్టు, మధ్యలో పాట, తర్వాత నున్నగా నిలబడ్డ మోడు. కింద వరసగా లైకులు, 'మా వీధిలో కూడా చేస్తారా బ్రో' అని కామెంట్లు.

వానలు పడగానే ఆ కోతల దగ్గర చీపురు పుల్లల్లా పిలకలు లేచాయి. చెట్టు బాగా చిగురించిందని అందరం సంతోషపడ్డాం. రెండేళ్లలో అవి చేతి మందమయ్యాయి. 2024 మే నెలలో ఒక సాయంత్రం గాలివానకు అందులో ఒకటి మొదలంటా ఊడి, కింద నిలిపిన స్కూటీ మీద పడింది. పది నిమిషాల ముందు దాకా అదే స్కూటీ మీద ఇద్దరు పిల్లలు కూర్చుని ఆడుకుంటున్నారు.

ఆ రోజు నుంచి నాకు ఈ విషయం మీద ఒక గట్టి అభిప్రాయం ఏర్పడింది. చెట్ల పని చేసి బతికేవాళ్లు సోషల్ మీడియా వాడాల్సిందే. గోడల మీద నంబర్లు రాసుకునే రోజులు పోయాయి. అయితే ఇవాళ వాళ్లు వాడుతున్న తీరు చెట్లను చంపుతోంది, నాలుగేళ్లు పోయాక వాళ్ల వ్యాపారాన్ని కూడా చంపుతుంది. సెలూన్‌కు వెళ్లి హీరో ఫొటో చూపించి 'ఇట్లా కొట్టు' అన్నట్టే, జనం ఇప్పుడు రీల్ చూపించి 'మా చెట్టును ఇట్లా చెయ్యండి' అంటున్నారు. జుట్టయితే నెలలో వస్తుంది. చెట్టుకు తల కోస్తే పాత చెట్టు మళ్లీ రాదు.

ఎందుకు రాదో కాస్త చెప్పాలి, ఎందుకంటే వాదనంతా దీని మీదే నిలబడి ఉంది. మన ఒంటి మీద గాయమైతే అక్కడ కొత్త కండ పుట్టి మానుతుంది. చెట్టుకు ఆ శక్తి లేదు. గాయమైన చోటును లోపల గోడ కట్టినట్టు మూసేసుకుని, ఆ పైన కొత్త చెక్క పెంచుకుంటుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త వేలాది చెట్లను నిలువుగా కోసి చూసి ఈ సంగతి తేల్చారు. కొమ్మ కాండంలో కలిసేచోట ఉంగరంలా ఉబ్బెత్తుగా ఒక మెడ ఉంటుంది. దానికి తగలకుండా, దాని పక్కనే కోస్తే చెట్టు ఆ గాయాన్ని మూసుకోగలదు. మెడను చెక్కేసినా, కొమ్మను మధ్యలో తెగ్గొట్టినా కుళ్లు లోపలికి దిగుతుంది. పైన తారు పూస్తే ఆ కుళ్లు ఆగదు, మన కంటికి కనిపించకుండా పోతుందంతే. మోడు మీద లేచే పిలకలు చెక్క లోతు నుంచి పుట్టవు, బెరడు పక్కన అతుక్కుని పెరుగుతాయి. అందుకే బరువెక్కగానే ఊడిపోతాయి. మా స్కూటీ మీద పడింది అలాంటిదే.

ఇక అసలు చిక్కు చూడండి. మంచి పని కెమెరాకు కనపడదు. నిజంగా పని తెలిసినవాడు ఒక చెట్టు మీద మూడు గంటలు గడిపి దిగితే, కింద నిలబడ్డవాళ్లు 'ఏం కోశావు?' అని అడుగుతారు. ఎండిపోయినవి తీస్తాడు. ఒకదాన్నొకటి రాసుకుంటున్నవాటిలో ఒకటి తీస్తాడు. ఇంటి మీదికి వాలిన బరువును కొసల దగ్గర తగ్గిస్తాడు. ఒక విడతలో పచ్చని గుబురులో పావు వంతు దాటి ముట్టుకోడు. దిగాక కూడా చెట్టు చెట్టులాగే ఉంటుంది. ముందు ఫొటోకూ తర్వాతి ఫొటోకూ తేడా తెలియకపోవడమే అతని పనితనం. కానీ రీల్‌కు తేడా కావాలి, పదిహేను సెకన్లలో కావాలి. అడ్డంగా కోసిన దుంగ కింద పడాలి, దుమ్ము లేవాలి. పనిలో ఏది తప్పో వీడియోలో అదే అందంగా కనిపిస్తుంది. లైకుల కోసం పనిచేసేవాడు ఎంత మంచివాడైనా, తెలియకుండానే ఆ తప్పు వైపు జరుగుతాడు.

కట్టెల లెక్క కూడా దీనికి తోడవుతుంది. చాలాచోట్ల చెట్టు కొట్టే కూలీ తక్కువగా చెప్పి, కట్టెలు వాళ్లే తీసుకెళ్తారు. కొందరైతే 'ఫ్రీగా కొట్టిపెడతాం' అని పోస్టు పెడతారు. కట్టెలు అడితికి వెళ్తాయి, లావు దుంగలు సామిల్లుకు వెళ్తాయి. ఎంత ఎక్కువ కోస్తే అంత డబ్బు వచ్చే మనిషిని పిలిచి, చెట్టు ఎంత కోయాలో నువ్వే చెప్పు అంటున్నాం. ఫ్రీ అన్న పోస్టు కనిపించినప్పుడల్లా నాకు గుండె ఝల్లుమంటుంది.

పిల్లలమర్రి సంగతి పాఠకులందరికీ తెలిసిందే. మహబూబ్‌నగర్ పక్కన, సుమారు 700 ఏళ్లదని చెప్పుకునే మర్రి. 2017 చివర్లో కొమ్మ విరిగిపడ్డాక సందర్శకులను ఆపేశారు, చెదలు లోపలంతా తినేశాయని తేలింది. 2018 ఏప్రిల్‌లో ఆ చెట్టుకు వందల సెలైన్ సీసాలు వేలాడుతున్న ఫొటో ప్రపంచమంతా తిరిగింది. క్లోరోపైరిఫాస్ అనే పురుగుమందు నీళ్లలో కలిపి చుక్కచుక్కగా ఎక్కించారు. చెట్టుకు వైద్యం అనేది ఒకటి ఉంటుందని అప్పటిదాకా తెలియని లక్షల మందికి ఒక్క ఫొటో చెప్పింది. పదేళ్లు సభలు పెట్టినా అంతమందికి చేరదు. ఫోన్‌కున్న బలం అది.

కానీ ఆ ఫొటోలో లేనివి కూడా చూడాలి. వాలిన కొమ్మల కింద స్తంభాలు కట్టారు. వేర్లకు మందు నీళ్లు పట్టారు. కొమ్మలెక్కి, ఊడలు పట్టుకుని ఊగే జనాన్ని దూరం పెట్టారు. ఊడ నేలను తాకితే అదే మర్రికి మరో కాలవుతుంది. దాన్ని ఊయల చేసుకున్నన్నాళ్లూ ఆ కాలు దిగదు. 2025 మేలో మిస్ వరల్డ్ పోటీలకు వచ్చిన అమ్మాయిలు ఆ చెట్టు దగ్గర నిలబడి ఫొటోలు దిగారంటే, ఏడేళ్ల పాటు ఎవరో చేసిన చడీచప్పుడు లేని చాకిరీ దాని వెనక ఉంది. ఆ ఏడేళ్లను నెలకొక ఫొటోగా ఎవరైనా పెట్టి ఉంటే, తెలుగునాట చెట్ల వైద్యానికి అంతకు మించిన ప్రచారం ఉండేది కాదు.

ఇంకో అవకాశం 2021లో పోయింది. ఆ ఏడాది రెండు రాష్ట్రాల్లోనూ వేపచెట్లు కొసల నుంచి మాడిపోవడం మొదలైంది. ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ అనే రసం పీల్చే పురుగు. ఇక వేపలు ఉండవంటూ వాట్సాప్‌లో ఫార్వర్డులు వరదలా వచ్చాయి. యూనివర్సిటీ శాస్త్రవేత్తలు ఇది కొమ్మల చివర్లకు వచ్చే తెగులని, చెట్టు తిరిగి చిగురిస్తుందని చెబుతూనే ఉన్నారు. తర్వాతి చిగురుకు చాలా చెట్లు తేరుకున్నాయి. కానీ టెన్షన్‌లో కొట్టించేసిన చెట్టు చిగురించదు కదా. ఆ నెలల్లో ప్రతి ఊళ్లో పని తెలిసిన ఒక్క మనిషి, తన ఫోన్‌లో, తన వీధి వేపచెట్టు ముందు నిలబడి 'కొట్టకండి, ఫాల్గుణం దాకా ఆగండి' అని రెండు నిమిషాల వీడియో పెట్టి ఉంటే ఎన్ని చెట్లు నిలిచేవి! అలా చెప్పినవాణ్ని ఆ వీధి జన్మలో మరిచిపోయేది కాదు. వ్యాపారానికి కావలసింది కూడా అదే.

ఇలా చెబితే ఈ పనిలో ఉన్న కుర్రాళ్లు నాతో ఒక మాట అంటారు, అందులో న్యాయం ఉంది. 'సార్, నెమ్మదిగా చూపిస్తే ఎవరూ చూడరు. మెషీన్ ఈఎంఐ ఉంది, నలుగురికి కూలీ ఇవ్వాలి. వ్యూస్ రాకపోతే పని రాదు' అంటారు. వ్యూస్ కావాలన్నది నిజమే. ఎవరు చూస్తున్నారన్నది చూసుకోవాలి. కూకట్‌పల్లిలో పనిచేసేవాడి రీల్‌ను పాట్నాలో లక్షమంది చూస్తే ఒక్క చెట్టు పని కూడా రాదు. అతనికి బండి మీద అరగంటలో చేరే దూరంలో ఉన్న రెండు మూడొందల ఇళ్లు చాలు. ఆ ఇళ్లు కాలనీ వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి, గూగుల్ మ్యాప్స్ రివ్యూల్లో ఉన్నాయి, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంట్ ఫోన్‌లో ఉన్నాయి. అక్కడ పాటలు, డ్రోన్లు అక్కర్లేదు. నమ్మకం కావాలి.

పైగా నరికే రీల్ పెట్టేవాడు తన మీద తానే సాక్ష్యం పెడుతున్నాడు. నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్ సైదాబాద్‌లో నలభై ఏళ్ల వేపచెట్టును నరికినందుకు అటవీ శాఖ 62,075 రూపాయల జరిమానా వేసింది. ఫిర్యాదు చేసింది ఎనిమిదో తరగతి పిల్లవాడు. ఆ తరం ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లోనే ఉంది. కంచ గచ్చిబౌలి 400 ఎకరాల దగ్గర 2025లో ఏం జరిగిందో చూశాం. జేసీబీలు దిగిన వీడియోలు ఊరూరా తిరిగాయి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. అప్పుడే కొందరు ఏఐతో చేసిన బొమ్మలు కూడా కలిపి వదిలారు. నిజమైన వీడియోలను కూడా జనం అనుమానించే పరిస్థితి తెచ్చారు. చెట్టు పేరుతో వ్యాపారం చేసేవాడు ఒక్క అబద్ధపు ఫొటో పెట్టినా పోయేది అతని పరువొక్కటే కాదు.

మరి ఏం పెట్టాలి? ఏప్రిల్ నెలాఖరు వస్తే జనం తమంతట తామే తలెత్తి చెట్ల వైపు చూస్తారు. గాలివాన భయం. అప్పుడు చెట్టు మొదలు దగ్గర పుట్టగొడుగుల్లా లేచినవాటిని దగ్గరగా చూపించి, లోపల కుళ్లు ఉండొచ్చని చెప్పాలి. రెండు లావు కొమ్మలు ఇరుగ్గా పుట్టి మధ్యలో బెరడు నలిగిన చోటు చూపించాలి. గొంతు దాకా సిమెంటు పోసిన చెట్టును చూపించాలి. ఢిల్లీ విషయంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీయమంది. మన వీధుల్లో టైల్స్ వేసేవాళ్లకు ఆ మాట చేరవేసే పోస్టు ఒక్కటీ నాకు కనపడదు. 'ఈ చెట్టుకు నా పని అక్కర్లేదు' అని చెప్పే వీడియో కూడా పెట్టాలి. డబ్బు వద్దని ఒకసారి చెప్పినవాడి మాట, డబ్బు అడిగినప్పుడు కూడా నమ్ముతారు.

అన్నిటికంటే ముఖ్యం, ఒకే చెట్టును ఒకే చోట నిలబడి ఏటా తీసిన ఫొటో. ఆ వరస పెట్టగలిగేది పని తెలిసినవాడు ఒక్కడే. తలలు కోసేవాడు మూడో ఏడాది ఫొటో పెట్టలేడు.

నేను ఈ వృత్తి గురించి ఇంత పట్టుగా రాయడానికి ఇంకో కారణం ఉంది. మనది నాటడమే పండుగైన సమాజం. 2015లో తెలంగాణలో హరితహారం మొదలైనప్పుడు లక్ష్యం 230 కోట్ల మొక్కలు. ఆంధ్రప్రదేశ్‌లో వనం-మనం వచ్చింది, తర్వాత జగనన్న పచ్చతోరణం వచ్చింది. మొక్క పట్టుకుని నవ్వుతున్న ఫొటో లేని నాయకుడు లేడు. కడియం నర్సరీల వాళ్లు మొక్కల వీడియోలు యూట్యూబ్‌లో పెట్టి దూర రాష్ట్రాలకు లారీలు పంపుతున్నారు, చాలా సంతోషం. నాటిన మొక్క ఇరవై ఏళ్లకు చెట్టయ్యాక దాన్ని చూసుకునేవాడికి మాత్రం మన భాషలో ఒక పేరైనా లేదు. 'చెట్లు కొట్టేవాళ్లు' అంటాం. కాపాడటానికి పిలిచేవాణ్ని కూడా అదే పేరుతో పిలుస్తాం.

మనుషులు లేరా అంటే, ఉన్నారు. మోకు, ముత్తాదు అనే తాళ్ల సాయంతో తాటిచెట్టు మీదికి వెళ్లి, ఆ ఎత్తులో రెండు చేతులూ వదిలి పనిచేసే గీత కార్మికులు తరతరాలుగా మన మధ్యే ఉన్నారు. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాళ్లకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఎత్తుకు భయపడని ఆ ఒంటికి, చెట్టు ఎక్కడ కోస్తే మూసుకుంటుందో నేర్పే ఆరు నెలల చదువు, చేతిలో ఒక ఫోను కలిస్తే ప్రతి పట్టణానికీ చెట్ల వైద్యులు తయారవుతారు. కల్లు తాగేవాళ్లు తగ్గి ఆ వృత్తి వదిలేస్తున్న కుర్రాళ్లు వాచ్‌మన్ ఉద్యోగాలకు వస్తున్నారు. వాళ్లు కాపలా కాసే గేటు పక్కనే చెట్లు దిక్కులేకుండా ఉన్నాయి.

స్కూటీ సంగతి జరిగాక మా వేపను పూర్తిగా కొట్టించేద్దామని మీటింగ్ పెట్టారు. అప్పుడు నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒకాయన్ను పిలిచాం. పాతికేళ్లు తాళ్లెక్కిన మనిషి. చుట్టూ రెండుసార్లు తిరిగి, మొదలు మీద పిడికిలితో కొట్టి చెవి పెట్టి విన్నాడు. 'దీన్ని కొట్టేది లేదు సార్. పాణం గట్టిగనే ఉంది. నాకు మూడేండ్లు టైమియ్యుండ్రి' అన్నాడు. ప్రతి గుత్తిలో ఒకటి రెండు గట్టి పిలకలు ఉంచి, మిగిలినవి ఒకేసారి కాకుండా కొన్నే తీశాడు. తీసుకున్న డబ్బు క్రేన్ వాళ్లు తీసుకున్నదాంట్లో సగం. కట్టెలు మాకే వదిలేశాడు.

వెళ్లే ముందు గేటుకు ఎదురుగా ఉన్న పాలబూత్ మెట్టు మీద నిలబడి ఫోన్‌తో ఒక ఫొటో తీసుకున్నాడు. నిరుడు మే నెలలో వచ్చి మళ్లీ కొన్ని పిలకలు తీశాడు, అదే మెట్టు మీద నుంచి మళ్లీ ఫొటో తీశాడు. రెండూ పక్కపక్కన పెట్టి మా కాలనీ గ్రూపులో పంపాడు. కింద ఏమీ రాయలేదు, నంబర్ తప్ప. ఆ వారంలోనే మా వీధిలో నాలుగు ఇళ్లవాళ్లు ఆ నంబర్‌కు ఫోన్ చేశారు.