ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ మీద కమిషన్ వేయాల్సిందే

మన దేశంలో చప్పుళ్ల మీద చట్టం లేదంటే నేను ఒప్పుకోను. 2000 సంవత్సరంలోనే ధ్వని కాలుష్య నిబంధనలు వచ్చాయి. జనం కాపురాలుండే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది దాటాక 45 డెసిబెల్స్ మించకూడదు. ఆస్పత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ వంద మీటర్ల మేర అంతకన్నా తక్కువ. లౌడ్‌స్పీకర్లతో మొదలుపెట్టి, తర్వాతి సవరణల్లో హారన్లనూ టపాకాయలనూ కూడా వదల్లేదు. ఊరేగింపు డీజేలు ఆ నిబంధనలు చదివాయో లేదో వేరే సంగతి. పాపం, రాసినవాళ్ల దృష్టికి రానిది ఒక్కటే: బల్ల కింద, సీపీయూ డబ్బాలో వెనకవైపు నక్కి కూర్చుని గుర్రుపెట్టే ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్, అంటే కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టెలోని ఫ్యాన్.

ఇది చిన్న లోపం కాదు. బెడ్‌రూములో పిల్లాడు ఎంట్రన్స్ ఆన్‌లైన్ క్లాసు వింటుంటే ఆ గది విద్యాసంస్థ అవుతుందా, కాదా? అవుతుందంటే వంద మీటర్ల లోపల ఆ ఫ్యాన్ తిరగడమే నేరం. తిరక్కపోతే క్లాసే లేదు. ఇంత చిక్కుముడిని ఇన్నాళ్లూ ఏ ప్రభుత్వమూ పట్టించుకోలేదు కాబట్టి, దీనిమీద రిటైర్డ్ జడ్జిగారితో ఏకసభ్య కమిషన్ వేయాలని సవినయంగా డిమాండ్ చేస్తున్నాను. ఆరు నెలల్లో నివేదిక ఇవ్వాలని ప్రకటించి, తర్వాత మన ఆనవాయితీ ప్రకారం గడువు పొడిగించుకుంటూ పోవచ్చు. తొందరేం లేదు, ఫ్యాన్ ఎలాగూ ఎక్కడికీ పోదు.

సాక్షుల విచారణ ఇంట్లోంచే మొదలవ్వాలి. పొద్దున్నే ఆన్ చేయగానే గర్ర్‌ర్‌ మంటుందనీ, కాసేపు తిరిగాక దానంతటదే సర్దుకుంటుందనీ ఇంటి పెద్దాయన వాంగ్మూలం. "మీరూ అంతేగా, కాఫీ పడేదాకా" అని ఆవిడ మధ్యలో అందుకున్న మాటను రికార్డుల్లోంచి తొలగించాలి. పక్క ఫ్లాటువాళ్లు రోజంతా గ్రైండర్ వేస్తున్నారనీ, ముగ్గురున్న ఇంట్లో అంత పిండి ఏం చేసుకుంటారనీ నానమ్మ చాలాకాలంగా అనుమానిస్తోంది. కొడుక్కి ఇరవై నాలుగ్గంటలూ హెడ్‌ఫోన్లే కాబట్టి సమస్య ఉన్నట్టే తెలీదు. ఇంటి నుంచి ఆఫీసు పని చేసుకునే కోడల్ని మాత్రం మీటింగులో అవతలివాళ్లు అడుగుతుంటారు: "మీ దగ్గర వాన పడుతోందాండీ?" మే నెలలో రెండో మధ్యాహ్నం కూడా అవునని చెప్పలేక ఆ అమ్మాయి మైకు మ్యూట్ చేసేసింది. చెవిలో జోరీగ, ఇంట్లో పోరు, రెండూ ఒకే డబ్బాలోంచి రావడం ఈ దేశంలో కొత్త కాదు గానీ, వాటికి స్విచ్ ఉండడం ఇదే మొదలు.

ముఖ్య సాక్షి రిపేరు కుర్రాడు. అతను వచ్చి, కుర్చీలో కూర్చుని, ఫ్యాన్ వైపు చూడకుండా స్క్రీన్ వైపు చూస్తాడు. "వైరస్ ఉంది సార్. ఫార్మాట్ కొట్టాలి."

"చప్పుడు వస్తోంది బాబూ, ఫ్యాన్‌లోంచి."

"అదే సార్, లోడ్ ఎక్కువైపోయి. డీ డ్రైవ్‌లో ఉన్నవేం పోవు."

పెళ్లి ఫొటోలన్నీ డెస్క్‌టాప్ మీద ఉన్నాయన్న విషయం ఫార్మాట్ అయ్యాకే అందరికీ గుర్తొస్తుంది. అప్పుడు కొత్త విండోస్ మీద అదే పాత చప్పుడు, ఇంకాస్త స్పష్టంగా. అతను వెళ్తూ వెళ్తూ డబ్బా డొక్కలో అరచేత్తో ఒక్కటి చరుస్తాడు. ఆశ్చర్యం, చప్పుడు ఆగిపోతుంది. డబ్బులు తీసుకుని లిఫ్టు దాకా వెళ్లేలోగా మళ్లీ మొదలవుతుంది.

ఇక సాంకేతిక సాక్ష్యం. గోడలోంచి వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటును కంప్యూటర్‌కు అరిగే 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చడం ఎస్‌ఎంపీఎస్ పని. మార్చేటప్పుడు కొంత కరెంటు వేడిగా పోతుంది. ఆ వేడిని బయటికి తోలడానికే ఫ్యాన్. పాతవాటిలో వెనకాల 80 మిల్లీమీటర్ల బుల్లిది ఉండేది, ఇప్పుడు ఎక్కువగా 120 మిల్లీమీటర్లది వస్తోంది. బుల్లిది అంతే గాలి తోలాలంటే ఇంకా వేగంగా తిరగాలి, కాబట్టి ఎక్కువ అరుస్తుంది. చవక ఫ్యాన్లలో ఉండేది స్లీవ్ బేరింగ్. ఫ్యాన్ మధ్యలో ఉన్న స్టిక్కర్ పీకితే దాని కింద చిన్న రబ్బరు మూత, మూత తీస్తే సన్నటి గొట్టంలో ఇరుసు, ఇరుసు చివర గోటితో కూడా పట్టుకోలేని ప్లాస్టిక్ వాషర్. ఆ గొట్టంలో ఉండే రెండు మూడు బొట్ల నూనె మీదే మొత్తం సంసారం. వేడికి నూనె ఎండిపోయి, మిగిలింది దుమ్ముతో కలిసి నల్లటి జిగురవుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ జిగురు బిగుసుకుని గర్ర్‌ర్, వేడెక్కి పల్చబడ్డాక సర్దుబాటు. పెద్దాయన వాంగ్మూలం నూటికి నూరుపాళ్లు నిజమని కమిషన్ నమోదు చేసుకోవచ్చు. ఆవిడ మాటా నిజమే గానీ, చెప్పాను కదా, తొలగించాం.

అయితే ముద్దాయి ఈ ఎస్‌ఎంపీఎస్ ఫ్యానేనా అన్నది ముందు తేల్చాలి. డబ్బాలో ప్రాసెసర్ మీద ఒక ఫ్యాన్, గ్రాఫిక్స్ కార్డు ఉంటే దాని మీద ఒకటో రెండో ఉంటాయి. ఒక్కోసారి ఏ ఫ్యాన్ తప్పూ ఉండదు, వదులుగా వేలాడే వైరు రెక్కకు తగిలి టకటకలాడుతుంటుంది. పాత క్యాలెండర్ కాగితాన్ని గొట్టంలా చుట్టి, ఒక కొన చెవికి ఆనించి, రెండో కొన డబ్బా బయట నుంచే ఒక్కో చోటికీ తిప్పితే దొంగ దొరికిపోతాడు. పైసా ఖర్చు లేని ఈ పరీక్షను ఏ ఇంట్లోనూ చేయరు. ఖర్చు లేని పని మీద మనకు గురి కుదరదు.

గురి కుదిరేది కొబ్బరినూనె మీద. తలకు రాసేది ఫ్యాన్‌కు ఎందుకు పనిచేయదన్నది ఈ వర్గం వాదన. పనిచేస్తుంది, ఒక వారం. ఆ తర్వాత అది కూడా జిగురవుతుంది. జనవరి వచ్చిందంటే సీసాలో పేరుకున్నట్టే బేరింగ్‌లోనూ పేరుకుంటుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడే ఘట్టం ఇదే. కుట్టుమిషన్ నూనె వర్గం వీళ్లకన్నా విజ్ఞులు, వాళ్లది కొన్ని నెలలు నడుస్తుంది. మూడో వర్గం పుల్ల వైద్యులు. వెనకాల జాలీలోంచి అగరుబత్తి పుల్ల దూర్చి ఫ్యాన్ ఆపేస్తారు. ఇల్లంతా హాయిగా ఉంటుంది, కమ్మరి కొలిమి వాసన వచ్చేదాకా. నాలుగో వర్గం డబ్బా పక్క తలుపు ఊడదీసి ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెడుతుంది. ఒక ఫ్యాన్ చప్పుడు వినపడకుండా ఇంకో ఫ్యాన్ చప్పుడు పెట్టడాన్ని మా వీధిలో శాశ్వత పరిష్కారం అంటారు.

ఇక్కడ మాత్రం వేళాకోళం పక్కన పెట్టి చెప్పాలి. ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పకండి. 230 వోల్టుల ఏసీని డీసీ చేస్తే శిఖరం దగ్గర 325 వోల్టులు. ప్లగ్ పీకేసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో ఆ కరెంటు కొంతసేపు నిలిచే ఉండొచ్చు. ఫ్యాన్ మార్చాలన్నా పని తెలిసినవాడి చేతే మార్పించాలి. డబ్బా మీద "ఈ స్టిక్కర్ చింపితే వారంటీ చెల్లదు" అని ఉంటుంది, మన వారంటీ గురించి మాత్రం రాయరు.

ఇప్పుడు అసలు కుట్ర దగ్గరకు వద్దాం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల బజారుకు వెళ్లి కంప్యూటర్ కట్టించుకునే పెద్దమనిషిని గమనించండి. ప్రాసెసర్ గురించి నెల రోజులు వీడియోలు చూసుంటాడు. గ్రాఫిక్స్ కార్డు మోడల్ నంబరు కొడుకు పుట్టినతేదీ కన్నా బాగా గుర్తుంటుంది. ర్యాములో రంగురంగుల లైట్లు కావాలంటాడు. ఎస్‌ఎంపీఎస్ ఏది వేయమంటారని షాపతను అడిగితే, "కేబినెట్‌తో వస్తుందిగా?" అంటాడు. వస్తుంది. ఎత్తి చూస్తే అట్టపెట్టె అంత తేలిగ్గా ఉంటుంది. స్టిక్కర్ మీద 450 వాట్లు అని పెద్ద అక్షరాల్లో, కింద చీమల బారు లాంటి పట్టికలో 12 వోల్టుల దగ్గర 15 ఆంప్స్ అని ఉందనుకోండి, హెచ్చవేస్తే 180 వాట్లు. నేటి ప్రాసెసర్లు, గ్రాఫిక్స్ కార్డులు తినేదంతా దాదాపు ఆ 12 వోల్టుల దగ్గరే. ఎన్నికల మేనిఫెస్టోను కూడా ఇంత ధైర్యంగా ఎవరూ అచ్చేయరు.

పైగా వేడి లెక్క ఒకటి. కంప్యూటర్‌కు 300 వాట్లు కావాలనుకుందాం. 70 శాతం సామర్థ్యం ఉన్న ఎస్‌ఎంపీఎస్ గోడలోంచి దాదాపు 429 వాట్లు లాగి, 129 వాట్లు వేడి చేసి పారేస్తుంది. అంటే ఆ చిన్న డబ్బాలో రెండు పాతకాలపు 60 వాట్ల బల్బులు వెలిగించి మూతపెట్టినట్టు. 90 శాతం సామర్థ్యం ఉన్నదైతే వేడి 33 వాట్లే. ఇంకేం, ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినా సరిపోతుంది. 80 ప్లస్ అని ముద్రేసి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అంటూ అమ్మేది ఈ సామర్థ్యాన్నే. గోల్డ్ అయినా తాకట్టు పెట్టుకోరు కాబట్టి మనవాళ్లకు పెద్దగా ఆసక్తి లేదు. మంచిది కొనాలంటే కొన్ని వేలు అవుతుంది. అంత దండగెందుకని ఫార్మాట్‌కు కొంత, నూనెకు కొంత, టేబుల్ ఫ్యాన్‌కు కొంత, పక్క ఫ్లాటువాళ్లతో రాజీకి కిలో స్వీట్లకు కొంత పెట్టి పొదుపు చేస్తున్నాం.

చివరికి ఒకరోజు ఎలాగో కొత్త ఎస్‌ఎంపీఎస్ వస్తుంది. పాతదాన్ని పారేస్తారని ఎవరైనా అనుకుంటే వాళ్లకు మన ఇళ్లలో అటక అంటే ఏంటో తెలియదన్నమాట. "ఫ్యాన్ ఒక్కటే కదా, మిగతాదంతా బంగారంలా ఉంది" అని తుడిచి, కొత్తదాని అట్టపెట్టెలోనే పెట్టి, పాత మోడెమ్ పక్కన అటకెక్కిస్తారు. సంక్రాంతికి గుంటూరు నుంచి వచ్చిన బావమరిది, వాళ్ల కంప్యూటర్ ఆన్ అవడం లేదనీ, "బావా, నీ దగ్గర పాత ఎస్‌ఎంపీఎస్ ఏమైనా పడుందా?" అనీ అడుగుతాడు. అతను బస్సెక్కేలోగా ప్రభుత్వం స్పందించి, కమిషన్ పరిధిని గుంటూరు జిల్లాకు కూడా పొడిగిస్తూ జీవో ఇవ్వాలి.