మా బడి బీరువాకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ గ్రంథాలయ బీరువా గారికి,

మీరు క్షేమమని తెలుసు. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులకు మా బడిలో ఉన్నవి రెండు గదులు, ఇద్దరు టీచర్లం. అందులో ఒక గది మూలంతా మీదే. పిల్లలు కాళ్లు ముడుచుకుని ఇరుక్కుని కూర్చుంటారు గానీ, మిమ్మల్ని అంగుళం జరగమని ఇంతవరకు ఎవరం అడగలేదు.

మీ కడుపులో ఏముందో నాకు తెలుసు. స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించింది నేనే. బడుల కోసం కేంద్రం పెట్టిన సమగ్ర శిక్ష పథకం కింద ప్రాథమిక బడికి లైబ్రరీ గ్రాంటు ఏడాదికి 5,000 రూపాయల వరకు. దాంతో కొన్నవి, పైనుంచి కట్టలుగా వచ్చినవి, అన్నీ మీ దగ్గరే. బొమ్మల కథలకు ఇంకా ప్రెస్సు వాసన పోలేదు. అట్టడుగున 1987లో ప్రాథమిక బడులకు కనీస సామగ్రి ఇవ్వడానికి మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు నాటి కిట్టు పెట్టె కూడా ఉంది. పాత బీరువా నుంచి మీకు వారసత్వంగా వచ్చింది కాబోలు.

మీ మీద మాకున్న భక్తికి కారణముంది. పుస్తకం పోతే రికవరీ, చిరిగితే సంజాయిషీ. ఎవరూ చదవకపోతే మాత్రం అడిగే నాథుడు లేడు. ఆడిట్‌కు వచ్చినాయన లెక్కపెట్టి, "ఒక్కటి కూడా తగ్గలేదే!" అని మెచ్చుకుని వెళ్లారు. మూడో అరలో చెదలు రెండు కథలు పూర్తి చేసిన సంగతి ఆయన చూడలేదు. మా బడిలో ముగింపు దాకా వెళ్లిన పాఠకులు అవే.

బయట కబుర్లు మీదాకా వస్తున్నాయో లేదో. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చేయాలని 2021లో కేంద్రం నిపుణ్ భారత్ వచ్చింది, 2022లో అదే పనికి మన తెలంగాణలో తొలిమెట్టు వచ్చింది. 2026-27 కల్లా మూడో తరగతి పూర్తిచేసిన ప్రతి పిల్లాడూ అర్థం చేసుకుని చదవాలట. పల్లె పిల్లల చదువును పరీక్షించే అసర్ సర్వే 2024లో, పల్లెల్లోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లలకు రెండో తరగతి పాఠం ఇస్తే చదవగలిగింది దేశం మొత్తం మీద 23.4 శాతం. 2022లో అది 16.3. పెరిగింది, సంతోషమే. మీ వల్ల మాత్రం కాదు.

మా పిల్లలకు అక్షరమాల నోటికొచ్చు. "క"కు కొమ్మిస్తే "కు" అని గుణింతం పాటలా పాడేస్తారు. ఒత్తు దగ్గరికొచ్చేసరికి బండి ఆగుతుంది. "అమ్మ"ను "అమ... మ" అని చదివి, తప్పేమిటో తెలియక నా మొహం చూస్తారు. పలక మీద వందసార్లు దిద్దిస్తే ఒత్తు రాయడం వస్తుందేమో గానీ చదవడం రాదు. నచ్చిన కథలో నక్క, కుక్క పేజీ పేజీకీ ఎదురుపడుతుంటే వస్తుంది. ఆ నక్కా కుక్కా ఏమో మీ దగ్గర ఉన్నాయి.

మొన్న రెండో తరగతి పాప మీ తలుపు మీద పెయింటుతో రాసిన "గ్రంథాలయం" మీద వేలు పెట్టి నిలబడింది. ఆ గదిలో పిల్లల కళ్ల ఎత్తులో ఉన్న తెలుగు రాత అదొక్కటే మరి. మాట సంస్కృతం అనుకోండి, అయినా సరే. "గ కింద ఇదేంది టీచర్?" అంది. ర ఒత్తు అని చెప్పాను. మూడు రోజులు వస్తూ పోతూ తంటాలు పడి, నాలుగో రోజు మొత్తం కూడబలుక్కుని చదివేసింది.

"అంటే ఏంది టీచర్?"

"పుస్తకాలుండే చోటు."

"ఏవీ?"

తాళంచెవి హెచ్ఎం సార్ జేబులో ఉంది. సార్ మండల కేంద్రంలో మీటింగులో ఉన్నారు. మీటింగు చదివే సామర్థ్యం పెంచడం గురించే.

సార్‌ను అడిగాను. పోయినవాటికి నాదే బాధ్యతని రాసిస్తే ఇస్తానన్నారు, రాసిచ్చాను. శనివారం వస్తున్నాను. మీ తలుపు ఊరంతా వినబడేలా కీచుమంటుందని విన్నాను. కొబ్బరినూనె తెస్తాను.

ఇట్లు,
రిజిస్టర్‌లో సంతకం పెట్టిన రెండో టీచరు