పరాభవ నామ సంవత్సర షష్టిపూర్తి విహారయాత్ర

అత్తగారింటి వాళ్ళతో విహారయాత్ర అంటే కుటుంబ వ్యవహారమని మనం ఇన్నాళ్ళూ పొరబడుతూ వచ్చాం. అది శాంతిభద్రతల సమస్య. అయినా దీని మీద ఏ ప్రభుత్వమూ ఇంతవరకు కమిటీ వేయలేదు, ఏ ప్రతిపక్షమూ వాకౌట్ చేయలేదు. మొన్న వైశాఖంలో ఆ యాత్ర చేసి ప్రాణాలతో తిరిగొచ్చిన అల్లుడిగా, జరిగింది జరిగినట్టు జనానికి నివేదించడం నా బాధ్యత అనుకుంటున్నాను.

సందర్భం మా మామగారి షష్టిపూర్తి. ఆయనది నెల్లూరు పక్క కోవూరు దగ్గర పల్లె, వరి రైతు. తెలుగు సంవత్సరాలు 60 కనుక, పుట్టిన సంవత్సరం పేరు మళ్ళీ తిరిగొచ్చినప్పుడు షష్టిపూర్తి చేస్తారని అందరికీ తెలుసు. ఆ పేరేమిటన్నదే ఎవరూ పట్టించుకోరు. మామగారు పుట్టింది 1966లో. అది పరాభవ. మొన్న 2026 ఉగాదికి మళ్ళీ పరాభవే వచ్చింది. ప్రభవలోనో విభవలోనో పుట్టినవాళ్ళకు చెప్పుకోవడానికైనా బాగుంటుంది. పెన్నా ఒడ్డున రంగనాథస్వామి గుడి దగ్గర పీటల మీద కూర్చోబెట్టి, పంతులుగారు "శ్రీ పరాభవ నామ సంవత్సరే" అన్న ప్రతిసారీ మా తోడల్లుడు నా వైపు చూసి నవ్వాడు. యాత్ర మొత్తం నా కార్డు మీద నడుస్తోందని ఆయనకు తెలుసు. "అన్నీ తర్వాత లెక్కేసుకుందాం" అన్నది కూడా ఆయనే.

ఎక్కడికెళ్ళాలో తేల్చడానికి సంక్రాంతికే వాట్సాప్ గ్రూపు పెట్టారు. పిల్లా పెద్దా కలిపి యాత్రకు పద్నాలుగు మందిమి. గ్రూపులో ఫోనున్న ప్రతివాళ్ళూ ఉన్నారు, మామగారు తప్ప. ఆయనకు సర్‌ప్రైజ్ అట. గోవా అన్నది మా బావమరిది. ఆ మాట చూడగానే అత్తయ్య రెండు రోజులు గ్రూపులో ఉలకలేదు పలకలేదు, పొద్దున్నే పెట్టే గుడ్ మార్నింగ్ గులాబీ కూడా ఆపేశారు. దుబాయ్‌కి సగం మందికి పాస్‌పోర్టుల్లేవు. అరకు చలికాలంలోనే చూడాలని వదిన. ఊటీ ఘాట్ రోడ్డులో పిల్లలకు వాంతులు. మూడు నెలల చర్చ తర్వాత పెంచలకోన గుడి, నేలపట్టు పక్షుల చెరువు, మైపాడు బీచ్ అని తీర్మానమైంది. అంటే దేనికి పోయినా ఇంటి నుంచి వంద కిలోమీటర్లు దాటని దేశాటన. ఆ మూడు చోట్లకూ మామగారు కుర్రతనంలోనే బండి మీద తిరిగొచ్చిన మనిషి.

"ఆయన్నే ఒక మాట అడిగితే పోలా?" అని నేను గ్రూపులో పెట్టాను. అందరూ చదివారు. ఒక్కరూ జవాబివ్వలేదు. వంటింట్లోంచి మా ఆవిడ మాత్రం, "మీకెందుకండీ మధ్యలో" అంది.

నిజానికి ఆయన కోరిక నాకు తెలుసు. ఉగాదికి వెళ్ళినప్పుడు అరుగు మీద కూర్చుని చెప్పారు. "నాకేం వద్దు అబ్బయ్యా. మామిడికాయ ముక్కలేసి దాకలో చేపల పులుసు చేపించి, రాత్రి వండింది పొద్దున్నే ఈడ కూర్చుని తింటే చాలు." బయటివాళ్ళకు ఇది అర్థం కాదు. నెల్లూరులో పులుసు వండిన పూట తినేవాడు చుట్టం, మర్నాడు తినేవాడు ఇంటివాడు.

అత్తయ్యగారి ఆర్డినెన్సు అక్కడే అడ్డుపడింది. పీటల మీద కూర్చున్న మనిషి మూడు రోజులు నీచు ముట్టకూడదు, ఆయనకు తోడుగా ఇంటిల్లిపాదీ ముట్టకూడదు. పంతులుగారిని అడిగితే ఆ ఒక్క రోజు చాలన్నారు. మిగతా రెండు రోజులూ అత్తయ్య దక్షిణ కింద కలిపారు. 60 ఏళ్ళ మనిషికి అదే భార్య మెడలో మళ్ళీ తాళి కట్టించారు, అదీ అడక్కుండానే. మొదటిసారీ అడగలేదని ఆయన తర్వాత నాతో అన్నారు.

పన్నెండు సీట్ల బండిలో పద్నాలుగు మందిమి పెంచలకోన బయల్దేరాం. వైశాఖం ఎండ. ఏసీ పెంచితే అత్తయ్యకు మోకాళ్ళు, తగ్గిస్తే తోడల్లుడికి ఊపిరి. రాపూరు చేరేసరికి వదినకూ మా ఆవిడకూ మాట పడింది. కారణం వెంకటగిరి చీరలు. ఆడవాళ్ళు ఐదుగురికీ ఒకే రంగు తేవాలని గ్రూపులో తీర్మానం. వదిన తెచ్చిన ఐదింట్లో నాలుగు చిలకాకుపచ్చ, ఒకటి మాత్రం నాచు రంగు. ఆ ఒకటీ మా ఆవిడ వాటాకు వచ్చింది. ఇది కావాలని చేసిందా, నేతలో వచ్చిన తేడానా అన్నది ఇప్పటికీ విచారణలో ఉంది.

పెంచలకోనలో నరసింహస్వామి చెంచులక్ష్మిని పెనవేసుకుని శిలగా వెలిశాడు కనుక పెనుశిల అయ్యిందంటారు. ఆ పెళ్ళికి అలిగిన ఆదిలక్ష్మి అమ్మవారు ఏటికి అవతల విడిగా కొలువై ఉందనీ చెప్తారు. దండం పెట్టుకుని నేను ఆలోచించింది ఒక్కటే. అలిగినవాళ్ళకు మధ్య ఒక ఏరు ఉండాలన్న సంగతి దేవుళ్ళకు ఎప్పుడో తెలుసు. మా బండిలో అలిగిన అక్కాచెల్లెళ్ళ మధ్య ఉన్నది ఒక పులిహోర డబ్బా. అది కూడా మధ్యాహ్నానికి ఖాళీ అయిపోయింది.

మూడో రోజు తెల్లారుజామునే నేలపట్టు. పక్షుల్ని చూస్తారని పిల్లలకు బైనాక్యులర్స్ కొన్నాం (నా కార్డు). అక్కడ చెరువు నిండా కడప చెట్లు, చెట్ల నిండా ఖాళీ గూళ్ళు. కాపలా మనిషి మమ్మల్ని జాలిగా చూసి, "ఇప్పుడేముంటాయి సార్, పోయినాయి. దసరా పోయినాక రావాల" అన్నాడు. గూడబాతులు అక్టోబరు ప్రాంతంలో వస్తాయి, గూళ్ళు కట్టి పిల్లల్ని లేపుతాయి, ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతాయి. ఎప్పుడు బయల్దేరాలో వాటికి తెలుసు. వాటికి వాట్సాప్ గ్రూపు లేదు.

మామగారు మాత్రం చాలాసేపు ఆ చెరువు వైపే చూస్తూ నిలబడ్డారు. "పక్షుల రెట్ట కలిసిన నీళ్ళు అబ్బయ్యా ఇయ్యి. పైరుకు పారితే ఎరువు కొనే పన్లేదంటారు ఈడోళ్ళు" అన్నారు. చుట్టాలుగా వచ్చి, నెలల తరబడి ఉండి, పోతూ పోతూ పొలానికి ఎరువిచ్చి పోయే జాతి ప్రపంచంలో అదొక్కటే అనుకుంటా.

ఇక్కడ ప్రజల ముందు ఒక ప్రతిపాదన పెట్టదలిచాను. మొహర్రానికి నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె. కోరిక ఉన్నవాళ్ళు తీసుకుంటారు, తీరినవాళ్ళు మళ్ళీ వచ్చి రొట్టె పంచుతారు. వచ్చే పండక్కి నేనూ వెళ్ళి 'అత్తగారింటి వాళ్ళతో గొడవ లేని ప్రయాణం' రొట్టె అడుగుదామనుకున్నాను. ఇబ్బంది ఏమిటంటే, అది ఇవ్వాలంటే ముందు ఎవరో ఒకరికి ఆ కోరిక తీరి ఉండాలి.

సాయంత్రానికి మైపాడు చేరాం. మా బావమరిది సముద్రంలో సూర్యాస్తమయం అవుతుండగా అమ్మానాన్నల ఫొటో తీయాలని నెల రోజులుగా ప్లాన్ వేశాడు. మైపాడు సముద్రం తూర్పున ఉంటుంది. సూర్యుడు మా వెనక, బండ్లు ఆపిన చోట అస్తమించాడు. సరే దాన్నే తీద్దామని మగవాళ్ళందరికీ కుట్టించిన గంధం రంగు లాల్చీలు తొడిగించి, వరసగా నిలబెట్టారు. నాచు రంగు చీర చివరన ఉండాలా మధ్యలో ఉండాలా అని మళ్ళీ మొదలైంది. అది తేలేసరికి ఫొటోలో ఎవరు లేరో కనుక్కున్నారు. మామగారు లేరు. వెతకడం అల్లుడి పని కనుక నేను బయల్దేరాను.

చేపల వేపుడు బండి వెనక, ప్లాస్టిక్ స్టూలు మీద, సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నారు. పట్టు కండువా నాలుగు మడతలు పెట్టి జేబులో దాచారు. ఒళ్ళో విస్తరాకు ప్లేటు, అందులో వంజరం ముక్క. ముళ్ళు ఒక్కొక్కటీ తీసి ఆకు అంచున వరసగా పేరుస్తున్నారు, పొలంలో నాట్లు వేసినట్టు. నన్ను చూసి కంగారుపడలేదు. ఇంకో స్టూలు కాలితో నా వైపు జరిపి, "కూర్చో అబ్బయ్యా. ఎవురికీ చెప్పబాక" అన్నారు.

నేనూ కూర్చున్నాను. "పులుసు కాదు గానీ" అని ఆయన సగంలో ఆపేశారు. నిమ్మకాయ పిండుకుని ఇద్దరం రెండేసి ముక్కలు తిన్నాం. లేచేటప్పుడు ఆయన పంచె మడతలోంచి నాలుగు మడతల నోటొకటి తీసి బండివాడికిచ్చారు. ఆ మూడు రోజుల్లో నేను కట్టని బిల్లు అదొక్కటే. నా మనసు ఎంత నిండిందో రాసి చెప్పలేను.

వెనక్కి వచ్చేసరికి అత్తయ్య ఎదురొచ్చి ముక్కు ఎగబీల్చారు. "ఏంది ఈ వాసన?"

"సముద్రం" అన్నారు మామగారు.

"సముద్రానికి వేపుడు వాసన ఎప్పట్నించి వస్తా ఉంది?" అని ఆవిడ ఆయన్ని పైనుంచి కిందికి చూశారు. చేతులు కడుక్కున్నారు, కండువా భుజాన వేసుకున్నారు, ఎక్కడా జాడ లేదు. తర్వాత నా వైపు చూశారు. గంధం రంగు లాల్చీ మీద, సరిగ్గా పొట్ట దగ్గర, అరచేయంత నూనె మరక.

మామగారు కూడా ఆ మరకనే చూశారు. తల అడ్డంగా ఊపి, "ఏంది అబ్బయ్యా ఇది. మూడు రోజులు ఆగలేకపోయినావా?" అన్నారు.