సవరణ: స్ప్లాష్ మౌంటెన్‌ను కూల్చలేదు

స్ప్లాష్ మౌంటెన్ అంటే అమెరికాలోని డిస్నీ పార్కుల్లో కట్టుడు కొండ మీంచి దుంగ పడవల్లో జారే నీళ్ల రైడ్. ఆ పార్కుల మీద నేను మొన్న పెట్టిన పోస్టులో "స్ప్లాష్ మౌంటెన్ పోయి టియానా రైడ్ వచ్చింది" (టియానా అంటే డిస్నీ కార్టూన్ సినిమాలో రాకుమారి) అన్న ముక్క చదివి, హన్మకొండ దోస్తులు కొందరు కొండనే నేలమట్టం చేశారనుకున్నారు. లేదు. కాలువ అదే, దుంగ పడవలు అవే, ఆఖర్న దాదాపు 50 అడుగుల నుంచి ధబేల్మని నీళ్లలోకి పడే జారుడూ అదే. మారింది లోపలి కథ. పాత కథకు మూలమైన సినిమాలో నల్లజాతివాళ్లను చూపిన తీరు మీద ఏళ్లుగా విమర్శ ఉంది. కుందేలు, నక్క, ఎలుగుబంటి బొమ్మలు తీసేశారు. ఇప్పుడు టియానా తన పండుగకు పాటగాళ్లను వెతుక్కుంటూ పోతుంటుంది, పక్కన బాకా ఊదే మొసలి లూయీ.

ఈ మార్పును 2020 జూన్‌లో ప్రకటించారు. ఫ్లోరిడాలో 2024 జూన్‌లో, కాలిఫోర్నియాలో అదే ఏడాది నవంబరులో తెరిచారు. కాలిఫోర్నియాలోనైతే ఆ ప్రాంతం పేరే క్రిట్టర్ కంట్రీ నుంచి బాయూ కంట్రీ అయింది.

ఇంకోటి. అదే పోస్టులో "ఓరుగల్లులో కాకతీయ జోన్ రావాలె" అని నేనన్నది కోటలో రైడ్లు పెట్టమని కాదు. అది రక్షిత కట్టడం, దాని జోలికి పోవద్దు. ఊరి బయట వాటర్ పార్కులో ఉన్న పాత జారుడుబండకే కొత్త కథ తొడగొచ్చని నా మాట. లైన్లో నిలబడ్డ పిల్లలకు ఒక నీళ్ల తొట్టి, అందులో రామప్ప శిఖరానికి వాడినటువంటి తేలే ఇటుక నమూనా: చేత్తో ముంచితే మళ్లీ పైకి రావాలి. ప్లాస్టిక్ కీర్తితోరణం మాత్రం వద్దు, ఫంక్షన్ హాళ్ల గేట్లకున్నవి చాలు.