‘ఏమీ చేయవద్దు’ గారికి ఒక బహిరంగ లేఖ

గుంటూరు, బ్రాడీపేట.

మహారాజశ్రీ డీమార్క్ రికార్డులోని పి=నన్ గారి సముఖమునకు,

విషయం: తాత్కాలికంగా నియమితులై శాశ్వతంగా స్థిరపడిన తమ సేవలను కొనియాడుట, ఆపైన బదిలీ కోరుట.

అయ్యా,

మిరపకాయలు ఎగుమతి చేసే సంస్థలు, కోల్డ్ స్టోరేజీలు, కోచింగ్ సెంటర్లు, నర్సింగ్ హోములు, ఇలా సొంత డొమైన్ కొనుక్కుని దాని పేరిట మెయిల్ నడుపుకునే వారి డీఎన్ఎస్ (డొమైన్ వివరాలను ఇంటర్నెట్‌కు చెప్పే బహిరంగ పట్టిక) రికార్డులు చూసి సరిచేయడం నా వృత్తి. గుంటూరులోనైనా, కృష్ణ దాటి విజయవాడ వెళ్లినా, ఏ డొమైన్ తలుపు తట్టినా ముందుగా తమ దర్శనమే అవుతోంది. తన పేరిట దొంగ మెయిల్ వస్తే ఏం చేయాలో డొమైన్ చెప్పుకునే రికార్డు డీమార్క్. దాని ఉపడొమైన్ కింద టెక్స్ట్ రికార్డు ఏముందని, డీఎన్ఎస్‌ను ప్రశ్నించే డిగ్ ఆదేశంతో అడిగిన మరుక్షణం “వి=డీమార్క్1; పి=నన్” అంటూ తమరు ప్రసన్నంగా ప్రత్యక్షమవుతారు. అంతకు మించి ఒక్క అక్షరం ఉండదు. తనిఖీ చేసే వెబ్‌సైటులో తమ పేరు పక్కన పచ్చ టిక్కు పడుతుంది, యజమానిగారు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెడతారు, రికార్డు పెట్టినవారి బిల్లు పాసవుతుంది. “దొంగ మెయిల్ వస్తే ఏం చేయాలి?” అని ప్రపంచంలోని మెయిల్ సర్వర్లన్నీ ఆ డొమైన్‌ను అడిగినప్పుడు “ఏమీ చేయవద్దు” అని తమరు ఇచ్చే జవాబు మాత్రం ఆ గ్రూపులోకి రాదు.

తమరిని నియమించిన యజమానుల్లో చాలామందికి తమరి ఉద్యోగం ఏమిటో తెలియదు కాబట్టి, పూర్వరంగం కొంత చెప్పక తప్పదు. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఆర్ఎఫ్‌సీ 821 (ఇంటర్నెట్ నియమాల పత్రాల్లో ఒకటి) ప్రకారం, మెయిల్ తెచ్చిన సర్వరు ఇది ఫలానా వారి నుంచి వచ్చిందని చెబితే చాలు, అవతలి సర్వరు కాదనకుండా పుచ్చుకునేది. ఆనాటి నెట్‌వర్కులో ఉన్నవారు కొద్దిమంది, వారిలోనూ ఎక్కువమంది పరిశోధకులు కావడంతో, పంపినవాడి పేరును శంకించే ఏర్పాటు అందులో పెట్టలేదు. ఆ మర్యాద వల్ల కలిగిన నష్టాన్ని పూడ్చడానికి తరువాతి కాలంలో మూడు రికార్డులు పుట్టాయి. డొమైన్ యజమాని అనుమతి లేనిదే ఇతరులు రాయలేని చోటు డీఎన్ఎస్ కాబట్టి, మూడూ అక్కడే కాపురం పెట్టాయి.

వాటిలో ఎస్పీఎఫ్ 2006లో ప్రయోగాత్మకంగా వచ్చి 2014లో ఆర్ఎఫ్‌సీ 7208గా కుదురుకుంది. ఈ డొమైన్ పేరిట మెయిల్ పంపే అనుమతి ఏయే సర్వర్లకు ఉందో అది చెబుతుంది. దానికి రెండు నియమాలున్నాయి, రెండూ మన వ్యాపార స్వభావానికి పడవు. డొమైన్‌కు ఎస్పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలన్నది మొదటిది. జీతాల సాఫ్ట్‌వేర్ అమ్మినాయన “ఈ లైను కలపండి” అని పంపితే, దాన్ని ఉన్న రికార్డులోకి చేర్చకుండా పక్కన కొత్త రికార్డుగా పెడతారు. దాంతో రెండూ చెల్లకుండా పోయి, తనిఖీలో శాశ్వత దోషమని వస్తుంది. ఒకే రికార్డులో చేర్చే జాగ్రత్తపరులకు రెండో నియమం అడ్డు తగులుతుంది. మెయిల్ సేవ, బల్క్ మెయిల్ సేవ, జీతాల సేవ, వెబ్ హోస్టింగ్ అన్నిటినీ ‘ఇన్‌క్లూడ్’ అంటూ గుచ్చుకుంటూ పోతే, వాటి లోపలి ఇన్‌క్లూడ్‌లతో కలిపి డీఎన్ఎస్ విచారణలు పది దాటిన క్షణంలో మళ్లీ అదే శాశ్వత దోషం. ఇవేవీ లేకుండా ఎస్పీఎఫ్ చక్కగా ఉన్నా, అది చూసేది మెయిల్ కవరు మీది తిరుగు చిరునామానే తప్ప, మనిషి కంటికి కనిపించే ‘ఫ్రమ్’ గడిని కాదు. మోసగాడు కవరు మీద తన సొంత డొమైన్ రాసి, లోపల ఫ్రమ్ గడిలో మన మిరప వ్యాపారి డొమైన్ రాస్తే, ఎస్పీఎఫ్ నిజాయతీగానే పాస్ మార్కులు వేస్తుంది.

రెండోది డీకిమ్. యాహూ వారి డొమైన్‌కీస్, సిస్కో వారి మరో పద్ధతి కలిసి 2007లో ప్రామాణికంగా మారిన ఈ ఏర్పాటులో పంపే సర్వరు ప్రతి మెయిల్ మీదా రహస్య కీతో సంతకం చేస్తుంది, దాన్ని సరిచూసే బహిరంగ కీ డీఎన్ఎస్‌లో ఉంటుంది. కీ బలహీనంగా ఉంటే సంతకమూ బలహీనమే. 2012లో వెల్లడైన ఉదంతం ప్రకారం, ఉద్యోగం గురించి గూగుల్ పేరిట మెయిల్ అందుకున్న జాకరీ హారిస్ అనే అమెరికన్ గణితవేత్త ఆ సంస్థ డీకిమ్ కీ 512 బిట్లే ఉందని గమనించాడు. ఇది ఉద్యోగ పరీక్ష కాబోలు అనుకుని దాన్ని ఛేదించి, సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరు మరొకరికి రాసినట్టుగా మెయిల్ పంపాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న 2048 బిట్ల కీ రాస్తే దాదాపు 400 అక్షరాలవుతుంది. టెక్స్ట్ రికార్డులో ఒక్కో ముక్కకు 255 అక్షరాలే హద్దు కాబట్టి దాన్ని రెండు ముక్కలుగా, నిటారు కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. ఎడిటర్లోనుంచి కాపీ చేసి పంపినప్పుడు ఆ గుర్తులు వంకర తిరిగిపోతే, కీ అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నా సంతకం చెల్లదు.

ఇంకో ముచ్చట చెప్పకుండా ఉండలేను. ‘హోస్ట్’ గడిలో రికార్డు పూర్తి పేరు రాస్తే, కొన్ని డీఎన్ఎస్ ప్యానెళ్లు తమ వంతు సాయంగా చివర డొమైన్ పేరును మళ్లీ తగిలిస్తాయి. రికార్డు ఉంటుంది, కానీ ఎవరూ వెతకని పేరు కింద ఉంటుంది. కనిపించడం లేదని ఫోన్ చేస్తే “ప్రొపగేట్ అవ్వాలండీ, 24 గంటలు ఆగండి” అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది. నిజానికి అక్కడి నుంచి ఎక్కడికీ ప్రయాణించేది ఏమీ లేదు. పాత జవాబును దాచుకున్న సర్వర్లు దాని గడువు తీరేదాకా ఆ జవాబే చెబుతాయి, అంతే. డొమైన్ రికార్డులు ఉండే అసలు నేమ్‌సర్వరునే నేరుగా అడిగితే నిజం ఆ నిమిషంలోనే తేలిపోతుంది. పేరు తప్పు పడిన రికార్డు 24 ఏళ్లు ఆగినా రాదు.

ఎస్పీఎఫ్, డీకిమ్ ఈ ఇద్దరి తరువాత, ఇద్దరి తీర్పులనూ ఫ్రమ్ గడిలోని డొమైన్‌తో సరిపోల్చే పెద్దమనిషిగా డీమార్క్ వచ్చింది. 2012 జనవరిలో కొన్ని పెద్ద సంస్థలు కలిసి దాన్ని బయటపెట్టాయి, 2015 మార్చిలో అది ఆర్ఎఫ్‌సీ 7489 అయింది. ఎస్పీఎఫ్, డీకిమ్‌లలో ఏ ఒక్కటైనా నెగ్గి, నెగ్గిన డొమైన్ ఫ్రమ్ గడిలోని డొమైన్‌తో కలిస్తేనే మెయిల్ అసలైనది. కలవకపోతే ఏం చేయాలో చెప్పడానికి ముగ్గురు ఉద్యోగులున్నారు: స్పామ్‌లో పడేయమనే క్వారంటైన్ గారు, లోపలికే రానివ్వవద్దనే రిజెక్ట్ గారు, తమరు. ముగ్గురిలోకీ తమ ఆదేశమే తేలిక, తమ జీతమే దండగ, తమ సంఖ్యాబలమే ఎక్కువ.

తమ నియామకం తాత్కాలికమేనని పై దేశాల్లో గుర్తున్నట్టుంది. 2017 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం తన శాఖలకిచ్చిన 18-01 నంబరు ఆదేశంలో, 90 రోజుల్లోగా కనీసం తమరినైనా పెట్టాలనీ, ఏడాదిలోగా రిజెక్ట్‌కు మారాలనీ గడువు రాసింది. మన దగ్గర తమ గడువు ఎవరి డైరీలోనూ లేదు. ఆపైన 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూలు పెద్ద ఎత్తున మెయిళ్లు పంపేవారికి డీమార్క్ తప్పనిసరి చేసి, కనీసం పి=నన్ ఉన్నా చాలన్నాయి; జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5000కు పైగా పంపేవారికి గూగుల్ పెట్టిన షరతు అది. ఆ ‘కనీసం’ మన ఊళ్లలో గమ్యస్థానమైపోయింది. ఫీజు బకాయిల మెయిళ్లు స్పామ్‌లో పడుతున్నాయని కంగారుపడిన విద్యాసంస్థలన్నీ ఆ నెలలో తమరిని హుటాహుటిన పిలిపించాయి. తమ కీర్తి అక్కడితో ఆగలేదు. 2024 మే నెలలో ఎఫ్‌బీఐ, ఎన్‌ఎస్‌ఏ తదితర అమెరికా సంస్థలు కలిసి, ఉత్తర కొరియా హ్యాకర్లు బలహీనమైన డీమార్క్ విధానాలున్న డొమైన్ల పేరిట దొంగ మెయిళ్లు పంపుతున్నారని హెచ్చరిక విడుదల చేశాయి. పద్మ పురస్కారాల జాబితాలో లేకపోయినా, ఆ హెచ్చరికలో తమ పేరు అచ్చయింది.

తమరికి ఒక గౌరవప్రదమైన పని ఉన్న మాట నేను కాదనను. ‘ఆర్‌యూఏ’ అనే చిరునామా రాసి ఉంచితే, లోకంలోని మెయిల్ సంస్థలు ఆ డొమైన్ పేరిట తమకు ఏ ఐపీ చిరునామా నుంచి ఎన్ని మెయిళ్లు వచ్చాయో, వాటిలో ఏవి నెగ్గాయో ఏవి ఓడాయో సాధారణంగా రోజుకొకసారి నివేదిక పంపుతాయి. తమరు ఉన్నది ఆ నివేదికల కాలానికే. జీతాల స్లిప్పులు పంపే సాఫ్ట్‌వేరు, వెబ్‌సైటు విచారణ ఫారము, ఆడిటరుగారికి వెళ్లే బిల్లులు, ఇవన్నీ ఎక్కడెక్కడి నుంచి బయలుదేరుతున్నాయో యజమానికే తెలియని స్థితిలో ఒకేసారి రిజెక్ట్ పెడితే సొంత మెయిళ్లే ఆగిపోతాయి. 2014 ఏప్రిల్‌లో యాహూ హఠాత్తుగా రిజెక్ట్‌కు మారినప్పుడు, ఆ చిరునామాలున్న సభ్యుల ఉత్తరాలు మెయిలింగ్ లిస్టుల దారిలో తిరస్కరణకు గురై లోకమంతా గోల పుట్టింది. కాబట్టి కొన్ని వారాలు తమరు కూర్చుని, చూసి, రాసుకోవడం అవసరమే.

అయితే తమరు రాసినవి ఎవరు చదువుతున్నారు? చాలాచోట్ల ఆర్‌యూఏ చిరునామానే లేదు, అంటే తమరు చూడనూ లేదు, రాయనూ లేదు. ఉన్నచోట యజమానిగారి ఉచిత మెయిల్ ఖాతా ఉంటుంది. నివేదికలు వేరే డొమైన్‌కు వెళ్లాలంటే, పుచ్చుకోవడానికి తనకు సమ్మతమేనని ఆ డొమైన్ తన డీఎన్ఎస్‌లో రికార్డు పెట్టాలి. కోట్లమందికి ఉచితంగా మెయిల్ ఇచ్చే సంస్థ మన మిరప యార్డు వ్యాపారి కోసం ఆ రికార్డు పెట్టదు, నియమం పాటించే సర్వరు నివేదిక పంపదు. ఈ రెండు గండాలూ దాటి వచ్చిన నివేదిక జిప్ చేసిన ఎక్స్ఎంఎల్ ఫైలు కావడంతో, దాన్నే వైరస్ అనుకుని గుమస్తా తొలగిస్తాడు.

ఇక్కడి నుంచి విదేశాలకు మిరప పంపే ఒక సంస్థ సంగతి తమరికి గుర్తుండాలి, అక్కడ పదవిలో ఉన్నది తమరే. కొనుగోలుదారుకు ఆ సంస్థ అసలు డొమైన్ నుంచే వచ్చినట్టున్న మెయిల్‌లో ప్రొఫార్మా ఇన్‌వాయిస్, దాని కింద మారిన బ్యాంకు ఖాతా నంబరు వెళ్లాయి. మిరప టిక్కీలు (బస్తాలు) కంటెయినరు ఎక్కాయి, డబ్బు మరో దేశంలో దిగింది. ఆ మెయిల్ ఎస్పీఎఫ్‌తోనూ కలవలేదు, డీకిమ్‌తోనూ కలవలేదు. అవతలి సర్వరు ఆ రెండూ గమనించి, తమ ఆజ్ఞ శిరసావహించి దాన్ని ఇన్‌బాక్సులో పెట్టింది. గుంటూరు సన్నం మిరపకు భౌగోళిక గుర్తింపు ఉంది, వేరే చోట పండిన కాయను ఆ పేరుతో అమ్మితే చట్టం అడ్డుపడుతుంది. ఆ కాయను అమ్మే సంస్థ పేరుతో మాత్రం ఎవరైనా ఇన్‌వాయిస్ పంపుకోవచ్చని తమరు డీఎన్ఎస్‌లో బహిరంగంగా రాసి ఉంచారు. డొమైన్ పేరులో ఒక అక్షరం మార్చి కొత్తది కొనుక్కుని మోసం చేసేవాడిని రిజెక్ట్ గారు కూడా ఆపలేరని ఒప్పుకుంటున్నాను. కానీ ఆ మోసగాడు డొమైన్ కోసం కొంత ఖర్చు పెట్టాలి. తమ పాలనలో ఆ ఖర్చు కూడా లేదు.

ఇంత జరిగినా తమ కుర్చీ కదలకపోవడానికి సాంకేతిక కారణం ఏదీ నాకు కనిపించదు. డీఎన్ఎస్ లాగిన్ ఎవరి దగ్గరుందని అడిగితే, వెబ్‌సైటు చేసిన విజయవాడ కుర్రాడి దగ్గరంటారు. ఆ కుర్రాడు బందరు రోడ్డులో ఆఫీసు ఎత్తేసి హైదరాబాదు చేరాడు, ఓటీపీ అతను మార్చేసిన నంబరుకు వెళ్తుంది. లాగిన్ దొరికినచోట మరో అడ్డంకి ఉంది. రిజెక్ట్ పెట్టాక మేనేజరుగారి జీతం స్లిప్పు ఒక్కటి ఆగినా, ఆ మధ్యాహ్నానికల్లా పెట్టినవాడి పేరు బయటికొస్తుంది. తమరు ఉండగా దొంగ ఇన్‌వాయిస్ వెళ్తే నష్టం పరాయి దేశపు కొనుగోలుదారుది, నేరం ‘హ్యాకర్ల’ది, తమరిని పెట్టినవాడి పేరు ఎవరికీ గుర్తుకు రాదు. ఏదైనా చేసినవాడే దొరికిపోయే ఆఫీసులో తమ వంటి వారికి పదవీ విరమణ వయసు ఉండదు.

అందువల్ల పైన చెప్పిన ఎగుమతి సంస్థ తరఫున తమరికి తెలియజేయునది ఏమనగా: మెయిళ్లు పంపే సేవలన్నిటి జాబితా పూర్తయింది. ఎస్పీఎఫ్ రికార్డులు రెండింటినీ కలిపి ఒక్కటి చేశాం, విచారణలు పదిలోపే ఉన్నాయి. జీతాల సేవకూ, బిల్లుల సేవకూ సంస్థ సొంత డొమైన్‌తోనే డీకిమ్ సంతకం పెట్టించాం. ఆర్‌యూఏ చిరునామా సొంత డొమైన్‌లోనిదే, దాన్ని చదివే మనిషిని కూడా నియమించాం. రికార్డు గడువును 300 సెకన్లకు తగ్గించాం. వచ్చే సోమవారం ఉదయం యార్డులో వేలం మొదలయ్యేలోపు తమ స్థానంలో క్వారంటైన్ గారు బాధ్యతలు స్వీకరిస్తారు; నివేదికల్లో మన సేవలేవీ ఓడలేదని తేలాక ఆయన స్థానంలో రిజెక్ట్ గారు వస్తారు. తమరికి అభ్యంతరాలేమైనా ఉంటే పై ఆర్‌యూఏ చిరునామాకే ఎక్స్ఎంఎల్ రూపంలో పంపగలరు.

ఇట్లు,
తమ రికార్డును మార్చవలసి వచ్చిన,
విధేయుడు