మహారాజశ్రీ తడి ఇసుక గారికి

మహారాజశ్రీ తడి ఇసుక గారి సముఖానికి, ఇల్లు కట్టుకుంటున్న అల్పజీవి రాసుకునే విన్నపాలు.

తమరు క్షేమమని చూస్తేనే తెలుస్తోంది. నిన్న పొద్దున ట్రాలీ అంచులు దాటి గోపురంలా లేచి మా గేటు ముందుకు వేంచేశారు. ఎండిన ఇసుకకు అంత దర్జా ఎక్కడిది? ఎంత పోసినా దాదాపు 34 డిగ్రీల వాలు దగ్గర జారిపోతుంది పాపం. తమరికి కాస్త చెమ్మ తగిలితే చాలు, గోడలా నిలుచుంటారు.

అది బలుపు కాదు, వాపు. రేణువుకూ రేణువుకూ మధ్య సన్నటి నీటి పొర చేరుతుంది. దాని తలతన్యత, అంటే నీటి పైపొర బిగువు, రేణువులను ఎక్కడివక్కడ పట్టి ఉంచుతుంది కాబట్టి అవి సందుల్లోకి జారి సర్దుకోవు. ఆ సందుల్లో గాలి అద్దె లేకుండా కాపురం పెడుతుంది. బరువులో 5 శాతం తేమకే తమరు 25-30 శాతం ఉబ్బగలరట. సన్న ఇసుకైతే ఇంకా ఎక్కువేనట!

మా మేస్త్రి ఒక గాజు జాడీ తెచ్చి, తమరిని 20 సెంటీమీటర్ల ఎత్తుకు వదులుగా నింపి, పైదాకా నీళ్ళు పోసి కమ్మీముక్కతో కలిపాడు. బుడబుడమని బుడగలు తేలాయి. నీళ్ళలో పూర్తిగా మునిగాక పట్టుకోవడానికి ఆ పొరలేవీ? తమరు మెల్లగా దిగి 16 దగ్గర కూర్చున్నారు. "అయిదు ట్రాలీలకు డబ్బులిచ్చి నాలుగు దింపించుకున్నాం సార్" అని మేస్త్రి చేతులు దులుపుకున్నాడు.

పోనీ టన్నుల్లో కొందామంటే నీళ్ళకు ఇసుక ధర కట్టాలి. ఘనపుటడుగుల్లో కొంటే గాలికి ఇసుక ధర. అక్కడితో అయిందా? కాంక్రీటుకు సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 అని తట్టలతో కొలిచి కలిపితే, రెండు తట్టల ఇసుకలో నిజంగా పడేది 1.6 తట్టలే. ఇసుక చాలక కంకర విడిపోయి, స్లాబు అడుగున బొక్కలు తేలితే తిట్లు మేస్త్రికి.

అయినా తమరి రేణువుల, గింజల వంశమే అంత. లోతైన గాదెలో ఇంకా ఎంత గింజ పోసినా అడుగున ఒత్తిడి ఒక హద్దు దాటి పెరగదని 1895లో యాన్సెన్ అనే జర్మన్ ఇంజనీరు తేల్చాడు. ఆ గింజలు రాపిడి పేరు చెప్పి మిగతా బరువంతా పక్కగోడల మీదికి నెట్టేస్తాయట! ఇక్కడ ఆ గోడను నేను.

రేపు రెండో విడత వస్తున్నారని విన్నాను. దారిలో మళ్ళీ జలకాలాడి రాకండి. జాడీ గేటు దగ్గరే పెట్టించాను. అందులో దిగి మట్టం చూపించాకే ట్రాలీ ఎత్తనిస్తాను.

ఇట్లు,
తమరి గాలికి బిల్లు కట్టిన విధేయుడు